పదహారు సుమ్మాళ్ళు

"కూర్చోండ్రా అబ్బాయిలూ, యాడికి పోతారు? మిల్లులో షిఫ్టు సంగు ఊదేదానికి ఇంకా శానా పొద్దుంది. లీలమ్మా, ఈ పిల్లకాయలకి తలా ఒక టీ ఇయ్యి, నాకు మాత్రం చక్కెర తగ్గించు. దొరైస్వామీ, ఆ సైకిలుకి స్టాండు వేసి రా, నిన్నేం తినెయ్యను. సీతాపతీ, నువ్వు గూడా అట్ట గోడ కానుకోని నిలబడబాక. బెంచీ మీదకి రా. ఒక కత చెప్తా."

కోసపాళయంలో పెరుమాళ్ళ గుడి ఉన్న భజన కోయిల వీధి మొదట్లో లీలమ్మ టీకొట్టు. పొద్దు వాలే వేళకి భక్తవత్సలం అక్కడ బెంచీ ఎక్కాడంటే కత తప్పదని వీధిలో అందరికీ తెలుసు. ఆయనకి అరవై దాటి చాలా కాలమైంది. వీధి పెరుమాళ్ళని మోసే పదహారు మందికీ పెద్ద ఆయనే. ఒడిలో ఒక పసుపు గుడ్డ సంచీ పెట్టుకొని, దాని మూతి గట్టిగా పట్టుకొని కూర్చున్నాడు. మాటిమాటికీ వీధి చివర నాగరాజన్ ఇనుప కొట్టు వైపు చూస్తున్నాడు.

"మీకు తెలియంది గాదు. మాసి మగం పండగ ఇంగ వారంలో పడింది. అన్ని ఊళ్ళ సాములూ వైత్తికుప్పం సముద్రానికి తీర్థమాడేదానికి వస్తారు. మన సామీ పోవాల. మా తాతల కాలం నించి భుజాల మీదనే పోయినాడు. పదహారు ఇళ్ళు, ఇంటికొక భుజం, వాహనానికి రెండు దండెలు, దండెకి ఎనిమిది మంది. అట్టాంటిది ఇప్పుడు ఆ నాగరాజన్ ఏమంటా ఉండాడు? కోయిల ధర్మకర్త అయినాడు గదా, కొత్త మాటలు వస్తాయి. టాక్టరు తెస్తాడంట. ట్రైలర్లో సామిని కూర్చోబెట్టి, రంగు లైట్లు కట్టి, దడదడా తోలుకోని పోతాడంట. చెత్త తోలే బండికీ మన సామికీ తేడా ఏందిరా అప్పుడు? ఒక్కసారి చక్రం ఎక్కినాడంటే సామి మళ్ళా భుజం ఎక్కుతాడా? నా మాట రాసి పెట్టుకోండి, ఎక్కడు."

"టాక్టరైతే తొందరగా పోయి రావొచ్చు గదా తాతా" అన్నాడు దొరైస్వామి.

"తొందరగా పోయేదానికి అదేమన్నా కాలాపేట బస్సా? నోరు మూసుకోని టీ తాగు. వాడు నాకు గడువు పెట్టినాడు. ఈ పొద్దు దీపం పెట్టేలోపల పదహారు భుజాలు చూపించు, లేదంటే టాక్టరుకి కబురు పంపిస్తా అన్నాడు. ముసిలోళ్ళం ఆరుగురం మిగిల్నాం. అందులో ఒకడికి మోకాళ్ళు, ఒకడికి కళ్ళు. మిగతా పది తావులూ ఖాళీ. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టేది లేదు. కన్ను మూస్తే చాలు, టాక్టరు చప్పుడు. ఈ కాలం పిల్లకాయలకి భక్తి లేదు, భుజం లేదు. పిలిస్తే ఒక్కడు రాడు."

"మామా, ఒక మాట" అన్నాడు సీతాపతి. ఇరవై నాలుగేళ్ళవాడు, మిల్లులో పని. వాళ్ళ నాయన చెంగల్రాయన్ ఆ పదహారు మందిలో ఒకడు. పోయి మూడేళ్ళు దాటింది.

"ఉండరా, ముందు కత విను. కత వింటే మీకే రోషం పుడతాది. ఇదిగో, ఇవి జూడండి."

ఆయన సంచీ మూతి విప్పి, అరచెయ్యంత దిండు ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నలిగి నలిగి నడుమ పల్లం పడింది.

"దీన్ని సుమ్మాడంటారు. పాత చీర గుడ్డలో బూరుగు దూది పెట్టి కుట్టింది. దండెకీ భుజానికీ నడుమ ఇది ఉండాల. ఇది లేనోడు సామి దండె ముట్టగూడదు, మన వీధి కట్టుబాటు. ఇది కొట్లో కొనేది గాదు. మనంతట మనం తీసుకునేదీ గాదు. మోసినోడు తన చేత్తో ఇయ్యాల, మోసేవోడు అందుకోవాల. పోయినోళ్ళవన్నీ నా దగ్గిర చేరినాయి, మోతకి పెద్దని గదా. మగానికి ముందు పొద్దున్నే ఎండలో పెట్టి, మళ్ళా సంచీలో వేసుకుంటా. ఈ సంచీ వదిలి నేను యాడికీ పోను."

"తెలుసులే అన్నా. నిన్న నీళ్ళు పోసుకునేటప్పుడు గూడా గడప మీద పెట్టుకోని పోసుకున్నావంట, వదిన చెప్పింది" అన్నది లీలమ్మ, టీ అందిస్తూ.

ఆయన కుడి చెయ్యి చాపబోయి, మళ్ళీ దించి, ఎడమ చేత్తో గ్లాసు అందుకున్నాడు.

"ఇప్పుడు వినండి. రేడియో పెట్టెకి లైసెన్సు తీసుకునే కాలం. డెబ్బై ఒకటో, డెబ్బై రెండో. ఆ ఏడు మాసి నెలలోనే అగ్ని నక్షత్రం వచ్చినంత ఎండ. కాకులు గూడా నీడ చూసుకోని నడిచి పోతా ఉండాయి, ఎగిరితే రెక్కలు కాలతాయని. నాది ముందర కుడి పక్క మొదటి తావు. సామిని ఎత్తినాం, గోవిందా అన్నాం, బయలుదేరినాం. మామూలుగా అయితే వీధికొకసారి భుజం మార్చుకోవాల. నేను కోయిల నించి పెద్ద మార్కెట్టు దాకా భుజం మార్చకుండా పోతిని. ఇది పెద్ద గొప్ప గాదు. నేనేమన్నా గొప్పలు చెప్పుకునే మనిషినా? కావాలంటే అడగండి, వెంకటాద్రి ఈడనే ఉండాడు."

బెంచీ చివర కూర్చున్న వెంకటాద్రి, మిగిలిన ఆరుగురు మోతగాళ్ళలో ఒకడు, కళ్ళద్దాలు సర్దుకొని తల ఊపాడు. "అవును. మార్కెట్టు దాకా మార్చకుండా వచ్చినాడు. అది నిజం."

"విన్నారా? నిజం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మార్కెట్టు కాడ ఈ వెంకటాద్రికి చేపల వాసన కొట్టి కళ్ళు తిరిగినాయి."

"నాకా?" అన్నాడు వెంకటాద్రి.

"నీకే. కళ్ళు తిరిగినోడికి గుర్తెట్ట ఉంటాది? రోడ్డు మీద పడబోతా, భక్తా, ఇంగ నా వల్ల గాదు, నువ్వే గతి, అని సుమ్మాడు తీసి నా చేతిలో పెట్టినాడు. సరేలే అని నా సుమ్మాడు మీదనే దాన్నీ వేసుకున్నా. వాడి బరువు గూడా నా మీదకి వచ్చింది. వస్తే రానీ అనుకున్నా. పది అడుగులు పొయ్యామో లేదో, దొరైస్వామీ, మీ తాత."

"మా తాత ఏం చేసినాడు?"

"సోడా అన్నాడు. సోడా తాగి ఒక్క పరుగున వస్తా, అంతదాకా ఇది పట్టుకో, అని సుమ్మాడు ఇచ్చి పోయినాడు. గోలీ సోడా. గోలీ దిగలేదు. మీ తాత ఎట్టాంటి మనిషి? పట్టిన పట్టు వదిలే రకం గాదు. బొటనవేలితో నొక్కతా నిలబడినాడు. మగం అయిపోయి మర్నాడు మీ అవ్వ సంగటి తీసుకోని పోతే, అప్పుడు గూడా అక్కడనే నిలబడి నొక్కతా ఉండాడు."

"పోయినేడు మా తాతకి ముల్లు గుచ్చుకుందన్నారే" అన్నాడు దొరైస్వామి.

"ముల్లు గుచ్చుకున్నందుకే సోడా తాగినాడు. నొప్పికి. మధ్యలో అడ్డం రాబాక." ఆయన సంచీలోంచి ఇంకో సుమ్మాడు తీసి మొదటి దాని మీద పెట్టాడు. పెడుతూనే తల తిప్పి నాగరాజన్ కొట్టు వైపు చూశాడు. కొట్టు ముందు ఇనుప రేకుల మీద ఎండ ఎర్రబడింది. "దీపం ఇంకా పెట్టలేదు గదా? సరే. కతకి వస్తా. యాడున్నా?"

"సోడా కాడ" అన్నది లీలమ్మ.

"ఆఁ. అది దాటి సినిమా ఆడే కొట్టాయి ముందరికి వచ్చినాం. ఆ ఎండకి రోడ్డు మీద తారు పాకం పట్టినట్టు ఉడుకుతా ఉండాది. అప్పుడు వీడి నాయన, చెంగల్రాయన్, నాకు సరీగా ఎడమ పక్క. కాలు పెట్టినాడు, కాలు తారులో దిగబడిపోయింది. లాగినాడు, రాలేదు. ఇంగో కాలు ఊతం పెట్టినాడు, అదీ దిగింది. మోకాళ్ళ దాకా పోయినాడు. సామి ఆగగూడదు గదా, మేము పోవాల గదా? చెంగల్రాయన్ ఆ తారులో నిలబడే సుమ్మాడు తీసి నాకు విసిరినాడు. భక్తా, నువ్వుండావనే ధైర్యంతో పోతా ఉండా, అన్నాడు."

"యాడికి పోతా ఉండాడు? కాళ్ళు తారులో ఉండాయి గదా" అన్నాడు దొరైస్వామి.

"కిందకి. ఇప్పటికీ పోయి జూడు, ఆ కొట్టాయి ముందర రోడ్డులో రెండు గుంతలు ఉంటాయి. మునిసిపాలిటీవోళ్ళు ఎన్నిసార్లు పూడ్చినా మళ్ళా పడతాయి."

సీతాపతి నవ్వలేదు. ఆయన చేతిలోని మూడో సుమ్మాడునే చూస్తున్నాడు. దాని చుట్టూ నీలం చీర అంచు కుట్టి ఉంది. "మా నాయన పోయే ముందు అది మీ చేతిలో పెట్టి ఏమన్నాడు మామా?" అన్నాడు.

"అదే చెప్తా ఉండా గదరా, నువ్వుండావనే ధైర్యంతో..."

"తారులో గాదు. ఆస్పత్రిలో."

"దానికింకా టైముంది. కత సముద్రం గూడా చేరలేదు." భక్తవత్సలం నీలం అంచు సుమ్మాడుని గబగబా కుప్ప మీద పెట్టి, పైన అరచెయ్యి వేశాడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముత్యాలపేట చేరేసరికి ఒక్కొక్కడూ ఒక్కొక్క సాకు చెప్పి జారుకున్నాడు. ఒకడికి ఎక్కిళ్ళు. ఒకడికి అత్తగారు ఎదురొచ్చింది, సామి దండె మోస్తా ఆమెకి దండం ఎట్ట పెడతాడు, దండె వదిలి పెట్టినాడు. ఇంకొకడు నిద్రపోయినాడు, నడస్తానే. వాడు అట్టనే నిద్రలో నడిచి పిళ్ళైచావడి దాకా పోతే, అక్కడ చేపలు పట్టే పట్టపోళ్ళు నీళ్ళు చల్లి లేపినారంట. పోయే ప్రతివోడూ సుమ్మాడు నా భుజం మీద పెట్టి పోయినాడు. ఒకటి మీద ఒకటి, ఒకటి మీద ఒకటి, చెవి దాటింది, తల దాటింది. సామి ఒక పక్కకి ఒరిగిపోతా ఉండాడు. అప్పుడు బుద్ధి ఉపయోగించినా. కుడి భుజం మీద ఎనిమిది, ఎడమ భుజం మీద ఎనిమిది పెట్టుకోని, నడుమ తల పెట్టుకోని, వాహనం కిందకి దూరి లేచినా. ఒక్కణ్ణే."

"దండెలు రెండు గదా తాతా? రెంటికీ నడుమ ఆరడుగులు ఎడం. ఒక్క మనిషి రెండు భుజాలు దానికి ఎట్ట చాలినాయి?"

"అప్పుడు నా భుజాలు ఆరడుగులు."

ఎవరో టీ మింగలేక దగ్గారు. వెంకటాద్రి కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.

"నవ్వండి, నవ్వండి. ఆ పొద్దు ఎవురూ నవ్వలే. నేను ఒక్కణ్ణే పోతా ఉండా, పైన సామి, సామి ముందర పూజ చేసే అయ్యగారు. అయ్యగారు నిద్రపోతా ఉండాడు, అంత మెత్తగా పోతా ఉండా. నాదస్వరం ఊదేవోడు నడవలేక, భక్తవత్సలం, నేను గూడా ఎక్కనా అన్నాడు. ఎక్కు అన్నా. డోలు వాయించేవోడు, వాడు ఎక్కితే నేనేం పాపం చేసినా అన్నాడు. నువ్వూ ఎక్కు అన్నా. ముత్యాలపేట మలుపులో ఎర్ర టోపీ పోలీసు చెయ్యి అడ్డం పెట్టినాడు. ఏందంటే, మైలం సామి వస్తా ఉండాడు, దారి ఇయ్యాలంట. పెద్ద సామికి దారి ఇయ్యాల, అది మరియాద. నిలబడినా. ఎట్ట నిలబడినా? రోడ్డు కాలతా ఉండాది గదా, ఒంటి కాలి మీద. ఆ కాలు కాలితే ఈ కాలు, ఈ కాలు కాలితే ఆ కాలు. మైలం సామిని మోసేవోళ్ళు యాభై మంది ఉంటారు. నన్ను చూసి భుజం మార్చుకునేది మరిచిపోయినారు. వాళ్ళ మేస్త్రీ వచ్చి, అణ్ణా, మా సామిని గూడా కాస్త, అన్నాడు. నేనే వద్దన్నా. మన సామికి చిన్నతనంగా ఉంటాదని."

ఆయన ఆ మేస్త్రీకి వద్దని చెప్పిన తీరు చూపించబోయి కుడి చెయ్యి ఎత్తాడు. చెయ్యి చెవి దాకా పోకుండానే ఆగిపోయింది. ముఖం ముడుచుకుంది. మెల్లగా కిందకి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏందన్నా, చెయ్యి?" అన్నది లీలమ్మ.

"ఏం లేదు. గాలి పట్టింది."

"ఎన్నాళ్ళుగా?"

"నువ్వు ఆ పాలు పొంగకుండా చూసుకోమ్మా." ఆయన గొంతులో బింకం ఒక్క క్షణం తగ్గింది. వీధి చివరికి చూశాడు. నాగరాజన్ కొట్టు బయటికి వచ్చి, కుర్రాడి చేత బయట పెట్టిన సామాను లోపల పెట్టిస్తున్నాడు. "సామాను సర్దతా ఉండాడు. ఇంగ దీపమే. ఒరే, వినండ్రా, వినండి. ముఖ్యమైంది ఇప్పుడే వస్తాది. ఇది విని గూడా మీకు భుజం దురద పెట్టకపోతే ఇంగ ఎవురూ ఏం చెయ్యలేరు."

"మామా, నేను చెప్పేది ఏందంటే" అన్నాడు సీతాపతి మళ్ళీ.

"సముద్రం కాడికి వచ్చినాం! సముద్రం కాడ మాట్లాడబాక. ఇసుకలో కాలు పెడితే దిగాల గదా? దిగలే. ఇసుక నన్ను చూసి గట్టిపడింది. తీర్థమాడించాల గదా, నీళ్ళలోకి పోతిని. నేను ఒక అడుగు ముందుకి పోతే సముద్రం ఒక అడుగు వెనక్కి పోయింది. భయపడింది. ఏందే, మా సామి కాలు తడపవా, అని దాన్ని తరుముకుంటా పోతిని. అది పోతా ఉండాది, నేను పోతా ఉండా. పిళ్ళైచావడి దాటినాం, కాలాపేట దాటినాం. వలలు వేసుకునేవోళ్ళు చూసి, అయ్యా, మా చేపలు అన్నీ గట్టున పడిపోయినాయి, సముద్రాన్ని వదిలెయ్యండి, అని దండం పెట్టినారు. అప్పుడు పోన్లే పాపం అని నిలబడినా. అది మెల్లగా వచ్చి సామి పాదం తడిపి పోయింది. దూరంగా ఓడలో ఉండే కెప్టెన్ దొర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంత జరిగినా సామి మెళ్ళో పూలదండలో ఒక్క పువ్వు రాలలే. పాదాల కాడ పెట్టిన దీపం కొండెక్కలే."

"పైన ఉండే నాదస్వరం ఆయన?" అన్నాడు దొరైస్వామి.

"వాడికి ఏమీ తెలియదు. వాడు కళ్ళు మూసుకోని ఊదతా ఉండాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది నేను ఇంతవరకూ ఎవురికీ చెప్పలే. తిరిగి వచ్చేటప్పుడు, సవుక తోపు కాడ, ఎవురూ లేరు. అయ్యగారు నిద్ర. బరువు కొంచెం తగ్గినట్టు అనిపించింది. ఏందబ్బా అని తల తిప్పి చూస్తే, సామి. నా పక్కనే. దిగి నడస్తా ఉండాడు."

లీలమ్మ గ్లాసు కడుగుతున్న చెయ్యి ఆపింది.

"భక్తవత్సలం, నొప్పిగా ఉండాదా, అన్నాడు. లేదు సామీ అన్నా. అలిసిపోయినావురా, అన్నాడు. లేదు సామీ, పైకెక్కండి, ఎవురన్నా చూస్తే మా వీధికి తలవంపులు, అన్నా. అప్పుడు ఆయన ఇట్ట చెయ్యి చాపినాడు. సుమ్మాడు ఇటియ్యిరా, కాసేపు నిన్ను నేను మోస్తా, అన్నాడు. పెరుమాళ్ళు! పెరుమాళ్ళు నన్ను అడిగినాడు, సుమ్మాడు."

"ఇస్తివా?" అన్నది లీలమ్మ.

"ఎట్టిస్తానమ్మా? నా వల్ల గాదు సామీ, మీరేమన్నా అడగండి, ఇది మాత్రం ఇయ్యను, అన్నా. మూడుసార్లు అడిగినాడు. మూడుసార్లు ఇయ్యలే. అందురూ వదిలేసినా నేను వదల్లే. అట్టనే ఒక్కణ్ణే తెచ్చి కోయిల్లో దించినా. అదిరా మోతంటే. అట్టాంటి మోత మోసిన వీధిలో ఈ పొద్దు టాక్టరు! అడిగేవోడు లేడు. పిలిస్తే ఒక్కడన్నా ముందుకి వచ్చి, నేనుండా అనేవోడు లేడు. చెప్పండ్రా, రోషం లేదా మీకు?"

ఆయన ఒళ్ళో సుమ్మాళ్ళ కుప్పని రెండు చేతులా కప్పుకొని అందరి ముఖాలూ చూశాడు. ఎండ గోడ దిగిపోయింది.

"మామా, ఇప్పుడు మాట్లాడొచ్చునా?" అన్నాడు సీతాపతి.

"మాట్లాడు. అందుకే గదా చెప్పింది."

"సామి చెయ్యి చాపినా మీరు సుమ్మాడు ఇయ్యలేదు."

"ఇయ్యలే."

"పెరుమాళ్ళు అడిగితేనే ఇయ్యని మనిషి, నేనడిగితే ఎట్టిస్తారు మామా? నేను మూడేళ్ళుగా చెయ్యి చాపతానే ఉండా."

దొరైస్వామి కిసుక్కుమన్నాడు. పక్కవాళ్ళు కూడా నవ్వబోయారు కానీ భక్తవత్సలం ముఖం చూసి ఊరుకున్నారు.

"నీ భుజం ఇంకా..." అన్నాడాయన.

"ముదరలే. తెలుసు. మొదటేడు అదే అన్నారు, పోయినేడూ అదే అన్నారు. ఈ దొరైస్వామికి ఎత్తు చాలదన్నారు. మిల్లు పిల్లకాయలు నలుగురం కలిసి మీ ఇంటికి వస్తే, రాత్రి షిఫ్టు చేసిన కళ్ళు దండెకి పనికి రావు పోండన్నారు. ఆస్పత్రిలో మా నాయన మీ చేతిలో పెట్టి ఏమన్నాడో నేను పక్కనే నిలబడి విన్నా. మా సీతాపతికి ఇయ్యి భక్తా, అన్నాడు. మీరేమో వీధంతా పిల్లకాయలు రారు, పిల్లకాయలు రారు అని చెప్తా ఉండారు. ఆ పది తావులకీ మేము వచ్చినాం మామా. సుమ్మాడు లేనోడు దండె ముట్టగూడదంటిరి, సుమ్మాళ్ళన్నీ సంచీలో పెట్టుకోని మూతి పట్టుకుంటిరి. ఇంగ సామి టాక్టరెక్కక ఏం చేస్తాడు?"

భక్తవత్సలం వెంకటాద్రి వైపు చూశాడు, సాయం కోసం చూసినట్టు.

"నేను పడలే భక్తా" అన్నాడు వెంకటాద్రి మెల్లగా. "మార్కెట్టు కాడ గాదు, యాడా పడలే. చెంగల్రాయన్ పడలే. పదహారు మందిమీ సముద్రం దాకా పోయి పదహారు మందిమీ తిరిగి వచ్చినాం. ఏటా నన్ను పడేస్తావు, పోనీలే అని ఊరుకుంటా."

"కతంతా కోతే" అన్నాడు సీతాపతి. "మీరు వదల్లేదన్న ముక్క మాత్రం నిజం."

భక్తవత్సలం కుడి భుజం రుద్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, కతలో లేని చిన్న గొంతుతో అన్నాడు:

"నాకు బయంరా."

"మేము పడేస్తామనా?"

"మొదట అదే అనుకుంటి. తర్వాత తర్వాత తెలిసింది. మీరు పడెయ్యకుండా సముద్రం దాకా పోయి సుబ్బరంగా తిరిగి వస్తారని బయం. చెయ్యి చెవి దాకా లేస్తా లేదు. ఈ సంచీ గూడా ఇచ్చేస్తే నేనెందుకు ఇంగ?"

"ఎందుకేంది, కత చెప్పేదానికి" అన్నది లీలమ్మ. "ఈ పాత కత విని విని మా చెవులు కాయలు కాచినాయి. ఈ ఏడు వాళ్ళు మోస్తే కొత్తది పుడతాది. నువ్వు ముందర నడువు, ఎవుర్ని యాడ పడెయ్యాలో చూసుకో."

వీధి చివర నాగరాజన్ కొట్టులో దీపం వెలిగింది. ఆయన కొట్టుకి తాళం వేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, టీకొట్టు వైపు నడిచి రావడం అందరికీ కనబడింది.

భక్తవత్సలం కుప్పలో వెతికాడు. నీలం అంచు సుమ్మాడు దొరికింది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకొని ముందుకి చాపాడు. సీతాపతి లేచి వచ్చి, వంగి, రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టగూడదు."

"సరే మామా."

"ముందర కుడికాలు. గోవిందా అన్నాకనే. ముత్యాలపేట మలుపు కాడ లోపలి పక్కవోడి మీద బరువు పడతాది, అక్కడ దొరైస్వామిని పెట్టబాక, వాడు పొట్టి. వాణ్ణి వెనక పెట్టు."

"సరే."

"మీ నాయన దండెని మెడ కానించుకునేవోడు గాదు. భుజం కొసకి పెట్టుకునేవోడు. అట్ట పెట్టుకుంటే నొప్పి తక్కువ. ఇసుకలో మడమ ముందు ఆనించు. సామిని దించేటప్పుడు తొందర..."

"సరే మామా. అన్నీ చెప్పండి, వింటా. ముందు సుమ్మాడు మీంచి చెయ్యి తియ్యండి."